మాటిచ్చి మానేసిన సైకిల్ మళ్ళీ ఎక్కొచ్చా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 46. ఎంవీపీ కాలనీలో ఇల్లు, పోర్టు వైపు ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. భార్య, ఎనిమిదో తరగతి చదివే కూతురు.

పదేళ్ళ పైచిలుకు క్రితం ఆయన సైకిల్ టైమ్ ట్రయల్స్ తొక్కేవారు. ఋషికొండ దాటాక మొదలుపెట్టి, భీమిలి వైపు పది కిలోమీటర్లు వెళ్ళి, అక్కడ తిరిగి వెనక్కి రావాలి. నిమిషానికి ఒకరిని వదులుతారు. ఇంకొకరి వెనక గాలి తగలకుండా నక్కి తొక్కడానికి వీల్లేదు. పోటీ గడియారంతోనే. 2013 జనవరిలో ఆ ఇరవై కిలోమీటర్లూ 31 నిమిషాల 10 సెకన్లలో తొక్కారు. ఆ అంకె రాసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది.

అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రాక్టీసు చేస్తుంటే ముందున్న ఆటో సిగ్నల్ ఇవ్వకుండా కుడికి తిరిగింది. ఈయన చేతులు ఏరోబార్ (ముందుకు వంగి, చేతులు చాపి పట్టుకునే హ్యాండిల్) మీద ఉన్నాయి, బ్రేకు అందేలోపే తగిలేసింది. కాలర్ బోన్ విరిగింది. పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. ఆరు వారాలపాటు ఆయనకి చొక్కా తొడిగింది, తల దువ్వింది భార్యే. ఆసుపత్రి మంచం మీద "ఇక సైకిల్ ఎక్కను" అని ఆవిడకు మాటిచ్చారు. పన్నెండేళ్ళు నిలబెట్టుకున్నారు. సైకిల్ మేడ మీద రేకుల కింద ఉండిపోయింది. హుద్‌హుద్‌కి రేకులు లేచిపోయాయి గానీ సైకిల్ మిగిలింది.

ఈ ఏడాది మార్చిలో పాత స్నేహితుడొకాయన కనిపించి, మళ్ళీ ట్రయల్స్ పెడుతున్నామని చెప్పారు. మన పాఠకుడు సైకిల్ అమ్మేస్తున్నానని ఇంట్లో చెప్పి, విశాలాక్షి నగర్‌లో ఆ స్నేహితుడి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పెట్టారు. వారానికి రెండు మూడు రోజులు తెల్లవారుజామున బీచ్ రోడ్డుకి వాకింగ్ అని బయలుదేరి, తొక్కి వస్తున్నారు. పాపకు మాత్రం తెలుసు. నాలుగున్నరకు గేటు తాళం తీసి, మళ్ళీ వేసేది తనే. వచ్చాక కుడి పిక్క మీద చైను గ్రీజు మరకను గిన్నెల సబ్బుతో తోముకుంటారు. "మొదట్లో వంటింట్లోంచి దొంగతనంగా తెచ్చుకునేవాణ్ని, ఈ మధ్య అదృష్టం కొద్దీ బాత్రూంలోనే ఒక ముక్క ఉంటోంది" అని రాశారు.

జులైలో మొదటి ట్రయల్ తొక్కారు. 40 నిమిషాల 25 సెకన్లు వచ్చింది. "ఇంటికొచ్చి షవర్ తిప్పేసి ఏడ్చాను సార్" అన్నారు. స్నేహితుడు కార్బన్ సైకిల్ కొనమంటున్నారు, 2 లక్షల 80 వేలు, ఈఎంఐ మీద. తండ్రికి 58వ ఏట గుండెపోటు వచ్చింది, తనకు మూడేళ్ళుగా బీపీ మాత్ర. జనవరిలో పెద్ద ట్రయల్ ఉంది. పాత టైమ్ తిరిగి వస్తుందా, కొత్త సైకిల్ కొనాలా, జనవరి దాకా ఇలాగే నెట్టుకొచ్చి మంచి టైమ్ వచ్చాక ఇంట్లో ఒకేసారి చెబితే బాగుంటుందా అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకప్పుడు నేనూ స్టాప్‌వాచ్ పట్టుకుని రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడినే. గీత దాటి, కాలు ఇంకా కింద పెట్టకుండానే, ఊపిరి అందక "ఎంత సార్?" అని అడిగినవాళ్ళను చాలామందిని చూశాను. అంకె చెప్పగానే కొందరు నా చేతిలో వాచీ వంక అనుమానంగా చూసేవారు, తప్పు దానిదేమోనని. కాబట్టి మీ ఏడుపు నాకు కొత్త కాదు, మీరు సిగ్గుపడాల్సిందీ లేదు.

మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ అవి ఒకదానికొకటి చిక్కుపడిపోయి ఉన్నాయి. టైమ్ పడిపోయిన బాధకు మందుగా కొత్త సైకిల్ కావాలి. కొత్త సైకిల్ కొనాలంటే డబ్బు సంగతి దాచాలి. దాచినందుకు మొహం చెల్లాలంటే మళ్ళీ మంచి టైమ్ రావాలి. ఇలా గానుగెద్దులా తిరుగుతున్నారు. అందుకని ముందు టైమ్ ఒక్కటే విడదీసి చూద్దాం. అందులో మీరనుకున్నంత చెడ్డ కబురు లేదు.

మీరు రాసి పంపిన ముక్కల టైములు ఇవీ. మొదటి ఐదు కిలోమీటర్లు 8 నిమిషాల 20 సెకన్లు. మధ్య పది సరిగ్గా 20 నిమిషాలు. చివరి ఐదు 12 నిమిషాల 5 సెకన్లు. అంటే మొదటి ఐదూ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్ళారు, చివరి ఐదూ 25 లోపే. కాళ్ళు పాత నోటుబుక్కు చదువుకుని బయలుదేరాయన్నమాట. టైమ్ ట్రయల్‌లో మొదటి మూడు నిమిషాలు తేలిగ్గా, "ఇంకొంచెం లాగొచ్చేమో" అనిపించేలా ఉండాలి. అక్కడే అప్పు చేస్తే దానికి వడ్డీ చివరి ఐదు కిలోమీటర్లలో కట్టాలి. మీరు కట్టారు.

పైగా అది జులై. నైరుతి గాలి రోజులు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి ఆ నెలల్లో భీమిలి వైపు వెళ్తుంటే గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. అదంతా మన బలమే అనుకుంటాం. తిరిగాక తెలుస్తుంది దాని సంగతి. పోతూ కలిసొచ్చింది వస్తూ పోతుంది, లెక్క సరిపోతుంది కదా అని చాలామంది అనుకుంటారు. సరిపోదు. గాలి లేని రోజు 30 వేగంతో తొక్కేవాడికి ఇరవై కిలోమీటర్లకు 40 నిమిషాలు. అదే మనిషి గాలివాటున 36తో పోయి, ఎదురుగాలికి 24తో వచ్చాడనుకోండి. పోవడానికి 16 నిమిషాల 40 సెకన్లు, రావడానికి 25. మొత్తం 41 నిమిషాల 40 సెకన్లు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే ఎక్కువ.

ఇక ఉక్కపోత. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరితే చల్లబడుతుంది. జులైలో మన దగ్గర అది ఆరదు, మోచేతుల మీంచి కారిపోతుంది. ఒంటి వేడి దించడానికి రక్తం చర్మం వైపు పోతుంది, కాళ్ళకు తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. మీ 31:10 జనవరి పొద్దున వచ్చింది. 40:25 జులైలో వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏడవడం, మామిడికాయను సంక్రాంతికి వెతికి దొరకలేదనడం లాంటిది.

అయినా పాత టైమ్ వస్తుందా అని అడిగారు. సూటిగా చెప్పాలంటే, నా అంచనా రాదనే. కారణం మీ పట్టుదలలో లోపం కాదు. గాలిని చీల్చడానికి పడే శ్రమ వేగంతో పాటు నెమ్మదిగా పెరగదు, వేగానికి ఘనంలో పెరుగుతుంది. 40:25 అంటే గంటకు 29.7 కిలోమీటర్లు, 31:10 అంటే 38.5. వేగం ముప్పై శాతం పెరిగితే చాలనిపిస్తుంది. కానీ గాలి మీద పెట్టే శక్తి రెండింతలు దాటాలి. వయసు కూడా ఊరుకోదు. కదలకుండా కూర్చునేవాళ్ళకు ఒళ్ళు వాడుకోగలిగే ఆక్సిజన్ పదేళ్ళకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతుంది. సాధన మానని వాళ్ళకు అందులో సగమే తగ్గుతుంది, కానీ అసలు తగ్గకుండా మాత్రం ఉండదు. మీరు పన్నెండేళ్ళు మొదటి గుంపులో ఉన్నారు.

అదే లెక్కను ఇటు తిప్పి చూడండి. 40:25 నుంచి 38 నిమిషాలకు రావాలంటే శక్తి సుమారు ఇరవై శాతం పెరిగితే చాలు. అందులో కొంత, మొదటి ఐదు కిలోమీటర్లు తగ్గించి తొక్కితేనే వచ్చేస్తుంది. ఇంకొంత జనవరి వాతావరణం ఇస్తుంది. మిగిలింది మీరు తెచ్చుకోవాలి. ఏడాది ఓపిక పడితే 36 దరిదాపులకు రావడం అసాధ్యం అనను. ఇంగ్లండులో నలభై దాటిన టైమ్ ట్రయల్ వాళ్ళకి ప్రత్యేకంగా ఒక సంఘం ఉంది. అక్కడ ఒక్కో వయసుకి ఒక ప్రమాణ టైమ్ పెట్టుకుంటారు. దాని మీద ఎంత ఆదా చేశావన్నదే లెక్క. 70 ఏళ్ళాయన 45 ఏళ్ళాయన మీద గెలవచ్చు. మీ స్నేహితుడి ట్రయల్స్‌లో ఇలాంటిదేమైనా పెట్టమని అడగండి. లేదంటే మీరే నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, పైన "46" అని రాసుకుని, కింద 40:25 వేసుకోండి. ఆ పేజీలో ప్రస్తుతానికి అదే రికార్డు.

ఇప్పుడు గుండె. మీ ఉత్తరంలో దీనికి రెండు వాక్యాలు మాత్రమే ఇచ్చారు, కార్బన్ సైకిల్‌కి ముప్పావు పేజీ. టైమ్ ట్రయల్ అంటే అరగంట పైన గుండెను దాదాపు దాని హద్దు దగ్గర పరిగెత్తించడం. తండ్రికి 58లో గుండెపోటు, మీకు బీపీ, మధ్యలో పన్నెండేళ్ళ విరామం. ఇన్ని ఉన్నప్పుడు డాక్టరుకు చూపించుకోకుండా ఇంకో ట్రయల్ తొక్కడం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా కనిపించడం లేదు. మామూలు ఈసీజీ తీసి బాగుందంటే ఆగిపోకండి. అది మీరు మంచం మీద పడుకుని ఉన్నప్పటి గుండె. "నేను ఇంతసేపు ఇంత గట్టిగా సైకిల్ తొక్కుతాను" అని చెప్పి, ట్రెడ్‌మిల్ టెస్టు అవసరమా అని అడగండి. షుగరు, కొలెస్టరాల్ కూడా చూపించుకోండి.

బీపీ మాత్ర పేరు చూడండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ ఇలా చివర "లాల్" అని వస్తే అది గుండె వేగాన్ని అదిమిపెట్టే రకం. అప్పుడు గుండె ఎంత వేగందాకా కొట్టుకోవచ్చో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే ఆ పాత లెక్క మీకు పనికిరాదు. పల్స్ పెరగడం లేదని ఇంకా ఇంకా లాగుతారు, అది ప్రమాదం. ఒంట్లో నీటిని మూత్రంగా బయటకు పంపే రకమైతే మన ఉక్కలో తొందరగా ఒళ్ళు ఎండిపోతుంది, దిగి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. మందు మార్చొచ్చేమో డాక్టరు చెబుతారు. మీ అంతట మీరు మాత్ర మానేయకండి, ట్రయల్ రోజు కూడా. తొక్కుతుంటే ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్ళు బైర్లు కమ్మడం, వీటిలో ఏది వచ్చినా ఆగిపోవాలి. టైమ్ పోతే పోయింది.

సైకిల్ సంగతి త్వరగా తేల్చేస్తాను. మీ పాత అల్యూమినియం సైకిల్‌కి కొత్త టైర్లు, ట్యూబులు, బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్ళు, చైను వేయించండి. పన్నెండేళ్ళ నాటి రబ్బరు మీద మీరు నాలుగు నెలలుగా తొక్కుతున్నారంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. పైకి బాగానే కనిపిస్తుంది, గట్టిపడిపోయి తడి రోడ్డు మీద జారుతుంది. మన ఉప్పుగాలికి సీటు పోస్టు ఫ్రేములో పట్టేసి ఉంటుంది, తీయించి గ్రీజు పెట్టించండి. పాత హెల్మెట్ పారేసి కొత్తది కొనండి. అప్పట్లో సన్నటి 23 మిల్లీమీటర్ల టైర్లను రాయిలా గాలి కొట్టి తొక్కేవాళ్ళం. ఇప్పుడు 25, 28 వేసి కొంచెం తక్కువ గాలి పెడుతున్నారు, గతుకుల రోడ్డు మీద అదే బాగా దొర్లుతుంది. ఇవన్నీ కలిపినా ఆ 2 లక్షల 80 వేలలో చిన్న ముక్కే అవుతుంది.

కార్బన్ సైకిల్ వద్దని నేననను. కొంటే కొంత వేగం కలిసొస్తుంది, తొక్కాలన్న హుషారూ వస్తుంది, అది కూడా విలువైనదే. కానీ రోడ్డు మీద గాలిని ఆపేది చాలావరకు సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. రోజుల తరబడి సాగే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో, 1989లో చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి బయలుదేరి, మొత్తం మీద 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఏరోబార్ మీద చేతులు ముందుకు చాపి, ఒళ్ళు ముడుచుకుని తొక్కాడు. రెండోస్థానంలో మిగిలిన ఫిన్యోన్‌కి ఏరోబార్ లేదు, నెత్తిన హెల్మెట్ లేదు, జుట్టు పిలక వెనక ఎగురుతూ ఉంది. మీ విషయంలో మొదట తగ్గాల్సింది నడుము చుట్టూ ఉన్నదే. వంగితే తొడలు పొట్టకు తగులుతున్నాయని మీరే రాశారు. ఇక అప్పు గురించి. ఈఎంఐ మెసేజీ నెలనెలా ఫోనుకి వస్తుంది. అది గిన్నెల సబ్బుకి పోయే మరక కాదు.

ఏరోబార్ మాట వచ్చింది కాబట్టి ఒక చేదు విషయం. అందులో చేతులు ఉన్నంతసేపూ బ్రేకులు మీ చేతిలో ఉండవు. 2013లో మీకు తగిలిన దెబ్బకి సగం కారణం ఆటో అయితే, సగం అది. భీమిలి రోడ్డు మీద ఏరోబార్ ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది మీరు ముందే తేల్చుకోవాలి. ప్రాక్టీసులో అసలు వాడకుండా, మలుపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టిన ట్రయల్ రోజు మాత్రమే వాడటం ఒక పద్ధతి. దానివల్ల ఆ భంగిమ ఒంటికి సరిగా అలవాటు కాదు, కొంత టైమ్ పోతుంది. ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని ఉన్నచోటే నిలబెట్టి తొక్కే స్టాండు మీద, బిగించి అలవాటు చేసుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది. మరి ట్రైనర్ ఇంట్లో పెట్టాలంటే సైకిల్ ఇంట్లో ఉండాలి కదా.

అక్కడికే వస్తున్నాను.

మీరు చేస్తున్న పనికి ఈ ఆట చరిత్రలోనే ఒక పోలిక ఉంది, చెప్పకుండా ఉండలేను. 1890ల్లో ఇంగ్లండులో రోడ్ల మీద సైకిల్ పందాలు గొడవలు తెస్తున్నాయని సైకిల్ సంఘమే వాటికి అడ్డుపడింది. 1895లో బిడ్లేక్ అనే ఆయన, అందరినీ గుంపుగా కాకుండా ఒక్కొక్కరినే విడివిడిగా వదిలి టైమ్ రాసుకునే పద్ధతిలో పందెం పెట్టాడు. తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళు తెల్లవారుజామున, తలనుంచి కాలిదాకా నల్లబట్టలు వేసుకుని, దారి పేరు బయటకు చెప్పకుండా గుర్తు అంకెలతో పిలుచుకుంటూ తొక్కారు. పోలీసుల కంట పడకూడదని. అంటే టైమ్ ట్రయల్ పుట్టిందే దొంగచాటుగా. కానీ వాళ్ళు దాక్కున్నది పోలీసుల నుంచి. మీరు దాక్కుంటున్నది ఆరు వారాలు మీ తల దువ్విన మనిషి నుంచి.

ఆసుపత్రి మంచం దగ్గర ఒళ్ళో ఎనిమిది నెలల పిల్లను పెట్టుకుని ఆవిడ ఆ మాట అడగడంలో తప్పు లేదు. మీరు ఇవ్వడంలోనూ తప్పు లేదు. పన్నెండేళ్ళ తర్వాత "ఆ మాట నుంచి నన్ను వదిలిపెడతావా" అని అడిగినా తప్పయ్యేది కాదు. మీరు అడగలేదు, అమ్మేశానన్నారు. ఆవిడ కాదంటే ఏం చేయాలో తెలియక అడగలేదని నా అనుమానం.

జనవరి దాకా దాచితే ఏమవుతుంది? మంచి టైమ్ వచ్చిందనుకుందాం. మీ చెవికి "38 నిమిషాలు" అని వినిపిస్తుంది, ఆవిడ చెవికి "పది నెలలు" అని వినిపిస్తుంది. మంచి టైమ్ రాలేదనుకుందాం. అప్పుడు చెప్పడానికి మొహం రాదు, ఇంకో ఏడాది దాస్తారు. ఇవి రెండూ కాక మూడోది ఉంది. మీరు ఆర్కే బీచ్‌లో నడుస్తున్నారని ఆవిడ అనుకుంటుంటే, ఎర్రమట్టి దిబ్బల దగ్గర రోడ్డు పక్క నుంచి ఎవరో తెలియని మనిషి ఆవిడకు ఫోన్ చేస్తాడు. ఆ ఫోను 2013లో ఒకసారి వచ్చింది. అప్పుడు కనీసం మీరు ఎక్కడున్నారో ఆవిడకు తెలుసు.

పాపను ఇందులోకి లాగడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. మీకది తండ్రీకూతుళ్ళ మధ్య ముద్దుగా ఉన్న రహస్యంలా అనిపించవచ్చు. రేపు మీకేమైనా అయితే "నాకు తెలిసి కూడా అమ్మకు చెప్పలేదు" అని మోయాల్సింది ఆ పదమూడేళ్ళ పిల్ల. మిగతావన్నీ మీరు ఆలోచించుకుని చేయండి. ఇది మాత్రం ఈ రాత్రే ఆపేయండి. గేటు మీరే తీసుకోండి.

ఇంట్లో ఎలా చెప్పాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. తొక్కి వచ్చిన పొద్దున కాదు. ఆవిడకు తీరికగా ఉన్న సాయంత్రం. మొదట అబద్ధం సంగతి చెప్పండి, సైకిల్ సంగతి తర్వాత. చాలామంది మగవాళ్ళు ఇక్కడ తలకిందులు చేస్తారు. "ఆరోగ్యానికి మంచిదట, డాక్టర్లే చెబుతున్నారు" అని మొదలుపెట్టి, అబద్ధాన్ని చివర్లో నసుగుతూ దాటిస్తారు. ఆ తర్వాత మీరు మాట్లాడకండి, ఆవిడను మాట్లాడనివ్వండి. ఆవిడ భయం రోడ్డు గురించే అని మీరు ఖాయం చేసుకున్నారు. అదే కావచ్చు. మీ నాన్నగారి గుండెపోటు కావచ్చు. లేదా ఆ ఆరు వారాలు చంటిపిల్లతో ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చిన అలసట కావచ్చు, అది మీరు ఎప్పుడూ అడిగి ఉండరు.

ఆవిడ కొన్ని షరతులతో సరే అనవచ్చు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్ళడం, వెనక ఎర్రలైటు, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచడం, డాక్టరు రిపోర్టు వచ్చేదాకా ఆగడం. ఇవి అడగక ముందే మీరు సిద్ధం చేసుకుని వెళ్ళొచ్చు. వద్దు అని ఖరాఖండిగా అనవచ్చు కూడా. అప్పుడు మీ ముందు రెండే ఉంటాయి. కొన్నాళ్ళు ట్రైనర్ మీద ఇంట్లోనే తొక్కుతూ, ఆవిడ మనసు మారేదాకా ఆగడం. మన ఉక్కలో ఫ్యాను పెట్టుకున్నా ట్రైనర్ నరకమే, కానీ టైమ్ ట్రయల్ సాధనకు అదేం తీసిపోదు. లేదంటే "నీకిష్టం లేదని తెలుసు, అయినా తొక్కుతాను" అని చెప్పి తొక్కడం. ఇంట్లో కొన్నాళ్ళు మౌనవ్రతం నడుస్తుంది. అది భరించగలరో లేదో మీకే తెలియాలి. ఈ రెండింటిలో ఏదైనా ఇప్పుడున్న స్థితి కన్నా నాకు మెరుగ్గానే కనిపిస్తోంది.

ఇక తొక్కడం వరకు. జనవరి ట్రయల్‌ని గట్టిగా పట్టుకోవాలనుకుంటే వారానికి మూడు రోజులు చాలు, నాలుగైతే ఎక్కువ. రెండు రోజులు పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఒకదాన్ని కొంచెం పొడవుగా. ఒక్కరోజే గట్టిగా: పది నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్య ఐదేసి నిమిషాలు తేలిగ్గా. గట్టిగా అంటే ఒక వాక్యం చెప్పి రెండో వాక్యానికి ఊపిరి తీసుకోవాల్సినంత. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. మోకాళ్ళ చుట్టూ ఉన్న టెండన్లు, మెడ, నడుము అంత త్వరగా రావు. అందుకే రెండో నెలలో "నాకు పాత ఊపు వచ్చేసింది" అనిపించినప్పుడే చాలామందికి మోకాలు పడుతుంది. నాదీ అలాగే పడింది, ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు గుర్తుచేస్తుంది. సి షిఫ్టు దిగి నేరుగా సైకిల్ ఎక్కకండి. రాత్రంతా మేల్కొన్న కళ్ళతో గంటకు 35 వేగంతో తొక్కడానికీ, తాగి తొక్కడానికీ పెద్ద తేడా లేదు. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే బండ్లు ఆపేసే ముక్క నడిచేవాళ్ళది, అక్కడ పందెం వేగం పనికిరాదు. ఆదివారాలు ఋషికొండ వైపు టూరిస్టు కార్లు మొదలవకముందే తొక్కడం ముగించేయాలి.

అంత పట్టుదల వద్దనుకుంటే నెలకోసారి ట్రయల్‌కి వెళ్ళి, మీ పేజీలో మీ టైమ్ రాసుకుని, ఇడ్లీ తిని ఇంటికి రావచ్చు. మెరుగుదల నెమ్మదిగా ఉంటుంది, ఇంట్లో ఒత్తిడీ తక్కువ ఉంటుంది. అయితే పక్కన నోటుబుక్కు తెరిచి పెట్టుకునే మనిషికి ఈ దారి మహా కష్టం, అది కూడా చెప్పాలి. గడియారం చూస్తేనే కడుపులో దేవుతోందంటే ఈ సీజన్‌కి నంబరు కట్టుకోకండి. మలుపు దగ్గర జెండా పట్టుకోండి, టైమ్ రాయండి. మనుషులు దొరక్క ప్రతి ట్రయల్ నిర్వాహకుడూ జుట్టు పీక్కుంటూనే ఉంటాడు. 200 కిలోమీటర్ల బ్రెవేలు (పందెం కాని దూరపు సైకిల్ యాత్రలు) కూడా ఉన్నాయి, పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు, ఎవరు ముందన్న లెక్క లేదు. మీ గుణానికి అవి సరిపడవని నాకనిపిస్తోంది. సెకన్లు లెక్కపెట్టే మనిషి మీరు.

చివరగా మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం. బాత్రూంలో ఈ మధ్య అదృష్టం కొద్దీ గిన్నెల సబ్బు ముక్క ఉంటోందని రాసి, తర్వాతి వాక్యంలో గేర్ల గురించి మొదలుపెట్టేశారు. గిన్నెల సబ్బు తనంతట తాను బాత్రూంలోకి నడిచి రాదు. పాప పెట్టిందేమో అనుకుంటారు. చైను గ్రీజు ఒంటిసబ్బుకి పోదనీ, గిన్నెల సబ్బుకే పోతుందనీ ఎనిమిదో తరగతి పిల్లకు ఎలా తెలుస్తుంది? 2013 దాకా మీ సైకిల్ బట్టలు ఉతికిన మనిషికైతే తెలుస్తుంది. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఆ సబ్బు ముక్క తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టండి.